మళ్లీ బొటనవేలే అడుగుతున్నారు

ఆన్‌లైన్ కోర్సుల్లో పిల్లలు మధ్యలో జారిపోకుండా ఉండాలంటే సోషల్ మీడియా వాడమని విద్యావేత్తలు చెబుతున్నారు. క్లాసుకో వాట్సాప్ గ్రూపు పెట్టండి, వీడియో పంపండి, రోజుకో ప్రశ్న వేయండి, పిల్లలు వాళ్లంతట వాళ్లే పాల్గొంటారు అంటున్నారు. ఏ పిల్లలు? అది మాత్రం ఎవరూ అడగరు.

2020లో కరోనాకు కాలేజీలు మూతపడ్డప్పుడు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాడల్లో దీని సంగతి మేం చూసినాం. దేశంలో గ్రామీణ కుటుంబాల్లో నూటికి 15 ఇళ్లకే ఇంటర్నెట్ ఉందని 2017-18 జాతీయ నమూనా సర్వే అప్పటికే తేల్చింది. పనులు మళ్లీ మొదలయ్యాక ఇంట్లో ఉన్న ఒక్క సెల్లూ హిందూపురంలో అమ్మతో గార్మెంట్ ఫ్యాక్టరీకి, పెనుకొండలో నాయనతో కూలికి పోయేది. ధర్మవరంలో గుంతమగ్గం మీద కూర్చున్న పిల్లోడి చేతులు పట్టుపోగుల మీద ఉంటాయి, స్క్రీను మీద కాదు. పొద్దున సారు పెట్టిన పాఠం రాత్రి తెరిచేసరికి దానిమీద వందల మెసేజీలు పడుంటాయి.

ఇక హాజరు. పాఠం కింద బొటనవేలి బొమ్మ పెట్టమంటారు. పెట్టినోడు శ్రద్ధాపరుడు, పెట్టనోడు సోమరి. అక్షరం రాక మా అమ్మానాయనలు కాగితాల మీద వేసింది బొటనవేలే. ద్రోణుడు ఏకలవ్యుణ్ణి అడిగిందీ బొటనవేలే. మా ఇంట్లో మొట్టమొదట డిగ్రీ చదివింది నేను. నా తమ్ముళ్ల చదువును మళ్లీ బొటనవేలితో కొలుస్తుంటే కడుపు మండుతుంది.

సెల్లు ఉన్నంత మాత్రాన గ్రూపులో సమానమైన పీట దొరకదు. చిన్నప్పుడు బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చున్న సంగతి అంబేడ్కర్ రాసుకున్నారు. గ్రూపులో గోనెపట్టా కంటికి కనబడదు, అంతే. తన తెలుగు చూసి నవ్వుతారని వాడ పిల్లోడు ప్రశ్న అడగడు. క్లాసులో తప్పు మాట గాలికి పోతుంది, గ్రూపులో స్క్రీన్‌షాటయి నిలబడుతుంది. ఆ భయాన్ని ఆసక్తి లేకపోవడంగా లెక్క రాసుకుంటున్నారు.

అట్లని సోషల్ మీడియా వద్దనడం లేదు. మన పిల్లలే పెట్టుకున్న గ్రూపులు చూడండి. ఒకరు నోట్సు ఫోటో తీసి పంపుతారు, ఒకరు స్కాలర్‌షిప్ గడువు గుర్తుచేస్తారు, ఇంకొకరు అర్థంకాని లెక్కను సొంత యాసలో వాయిస్ మెసేజీ పెట్టి అడుగుతారు. అక్కడ నోరు ఎందుకు తెరుచుకుంది? నవ్వేవాళ్లు లేరు, జవాబిచ్చేవాళ్లు ఉన్నారు.

1982లో పుట్టి, 1991లో అంబేడ్కర్ పేరు పెట్టుకున్న సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలోనూ అచ్చు పుస్తకం చేతికిచ్చింది, స్టడీ సెంటర్లో పాఠం చెప్పే మనిషిని పెట్టింది. సెల్లు ఆ మనిషికి తోడు కావాల గానీ బదులు కాకూడదు.

కాబట్టి మనం అడగాల్సింది హాస్టళ్లలో నెట్టు, అచ్చులో పాఠం, అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు. అయ్యవార్లూ, బొటనవేళ్లు లెక్కపెట్టడం మానండి. ఎవరి దగ్గర్నుంచి ప్రశ్న రాలేదో అది లెక్కపెట్టండి.