ఉప్పు మోసినవాళ్ళు ఏ పాఠంలో ఉన్నారు?

ఇంటర్ చరిత్ర పుస్తకం చేతికి రాగానే మన పిల్లలు తమవాళ్ళ కోసం వెతికేది తిరుగుబాట్ల పాఠంలో. అక్కడ దొరుకుతారు కూడా. బిర్సా ముండా, రాంజీ గోండు, కొమరం భీం వస్తారు, పోరాడతారు, చనిపోతారు. తర్వాతి పేజీలో మనం ఉండం. తిరగబడక ముందు ఆ జనం ఏం పండించారు, ఏం అమ్మారు, ఎవరికి బాకీ పడ్డారు అన్నది పుస్తకానికి పట్టదు. తిరగబడితేనే మనకు చరిత్ర, లేకపోతే అడవి.

వాడపల్లి చుట్టుపట్ల బడుల్లో పాఠాలు చెప్పే మేము డి.ఎడ్. చదువు చదివినవాళ్ళం, చరిత్రలో ఎం.ఏ.లం కాదు. కానీ మా దగ్గర పది పాసై మిర్యాలగూడ కాలేజీలకు పోయిన తండా పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు పుస్తకాలు పట్టుకొని మా దగ్గరికే వస్తారు. వాళ్ళలో ఎక్కువమంది హెచ్.ఇ.సి. తీసుకున్నది చరిత్ర మీద ప్రేమతో కాదు, లెక్కలంటే భయంతో. ఏ కారణంతో వచ్చినా వచ్చారు కదా, అక్కడ వాళ్ళకు ఏం దొరుకుతున్నది అన్నదే మా ప్రశ్న.

దొరికేది గైడు. చాలా ఏళ్ళుగా పేపరు తీరు ఒకటే: పది మార్కులవి మూడు, అయిదు మార్కులవి ఎనిమిది, రెండు మార్కులవి పదిహేను. పది మార్కులకు అక్బరు పాలన వస్తుంది, మనవాళ్ళు రెండు మార్కులకు వస్తారు. రెండు మార్కులకు రెండు వాక్యాలు చాలు. మనిషి పేరు, ఊరు, చనిపోయిన సంవత్సరం. ఎందుకు అని అడగడానికి ఆ రెండు వాక్యాల్లో చోటు లేదు.

ఒక్క ఉప్పునే తీసుకుందాం. ఇంటర్ పిల్లవాడిని ఉప్పు గురించి అడిగితే 1930, దండి, గాంధీజీ అని చెబుతాడు. మంచిదే. రైళ్ళ గురించి అడిగితే ఇంకో పాఠం ఒప్పజెబుతాడు, బ్రిటిష్ పాలన వల్ల కలిగిన ప్రయోజనాలలో రెండోదో మూడోదో. ఈ రెండు పాఠాలకూ మధ్య ఒక దారి ఉంది. ఆ దారిలో నడిచింది మనవాళ్ళు.

వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. ఏటికి ఇవతల నిజాం రాజ్యం, అవతల పల్నాడు, అది మద్రాసు ప్రెసిడెన్సీ. సముద్రం ఆ పక్క, ఉప్పు లేని మెట్ట ఊళ్ళు ఈ పక్క. రైళ్ళు రాకముందు కోస్తా ఉప్పు ఎక్కడెక్కడి లోపలి ఊళ్ళకు చేరిందంటే ఎద్దుల మీద, గాడిదల మీద చేరింది. లంబాడాలం దాన్ని లదేణి అన్నాం. ఎరుకల వారిలో ఉప్పు ఎరుకలని, కరివేపాకు ఎరుకలని, దబ్బ ఎరుకలని తెగలున్నాయి. ఎవరు ఏం అమ్మి బతికారో తెగ పేరే చెబుతుంది. (ఓడకు తెలుగులో వాడ అనే మాట ఉంది. వాడపల్లి పేరుకు దానితో సంబంధం ఉందా అన్నది పిల్లలతో వెతికించదగ్గ ప్రశ్న. మేము తేల్చి చెప్పం.)

ఇది మన గొప్పలు మనం చెప్పుకోవడం కాదు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే 17వ శతాబ్దంలో చూసి రాశాడు, పదివేలు, పన్నెండు వేల ఎద్దులు ఒక్క గుంపుగా ధాన్యం, బియ్యం, ఉప్పు మోసుకుపోతుంటే దారి ఎట్లా నిండిపోయేదో. పీటర్ మండీ అనే ఆంగ్లేయుడు 14,000 ఎద్దుల తండా ఎదురైందని రాసుకున్నాడు. ఈ మండీ మాట ఎన్.సి.ఇ.ఆర్.టి. ఏడో తరగతి పుస్తకంలో చాలా ఏళ్ళు ఉంది. ఏడో తరగతిలో చెప్పదగిన సంగతి ఇంటర్‌కు వచ్చేసరికి ఎందుకు మాయం కావాలి?

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. 1805లో కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మీద గుత్తాధిపత్యం తీసుకుంది. 1856లో మద్రాసు నుంచి రైలు కదిలింది. 1874లో నిజాం రాజ్యంలో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. ఉప్పు బస్తా రైలెక్కింది, ఎద్దు మీది గోనె ఖాళీ అయింది. తిరిగే వ్యాపారం పోయినవాళ్ళు తిరగడం మాత్రం మానలేకపోయారు. అట్లా తిరిగేవాళ్ళ మీదికే 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి పాకింది. ఎరుకల వారిని పుట్టుకతోనే నేరస్థులని రాసుకున్నారు, హాజరు వేశారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటు పెట్టి, మద్రాసు ప్రభుత్వంలోని స్టువర్ట్ దొర పేరే ఊరికి తగిలించారు. అక్కడివాళ్ళు చీరాల పొగాకు కంపెనీకి చవక కూలీలయ్యారు. 1952లో చట్టం రద్దయింది. మాట రద్దు కాలేదు. సినిమా వాళ్ళకు నేటికీ ఆ ఊరంటే దొంగల ఊరే.

ఉప్పు గుత్తం, రైలు, చట్టం: మూడూ ఒక్క పది మార్కుల జవాబులో కలవాల్సిన సంగతులు. కలపలేదు కాబట్టే మా పిల్లలను ఎవరైనా దొంగజాతి అంటే ఏం జవాబు చెప్పాలో తెలియక తల వంచుకుంటున్నారు. హెచ్.ఇ.సి.లో చరిత్రకు ఎనభై దాటి మార్కులు తెచ్చుకున్న పిల్ల కూడా తల వంచుకోవడం మేము చూశాం.

ఎన్.సి.ఇ.ఆర్.టి. పన్నెండో తరగతి చరిత్ర కొంత నయం. అందులో వలస పాలన, పల్లెల పాఠంలో రాజమహల్ కొండల పహాడియాలు, సంతాలులు ఉన్నారు. ఒకరి గునపం, ఒకరి నాగలి ఎట్లా ఎదురుబొదురయ్యాయో ఉంది. బుకానన్ వంటివారి రాతలు ముక్కలుగా ఇచ్చి, ఇవి రాసినవాడు ఎవరి మనిషి అని పిల్లవాడినే ఆలోచించమంటుంది. పై తరగతి చరిత్ర అంటే అదీ. మన తెలుగు మీడియం పిల్లలకు ఆ ప్రశ్న అడిగేవారే లేరు.

మనవాళ్ళ రాతలను కూడా ఇక్కడ వదిలిపెట్టలేం. మన పుస్తకాల్లోనూ వీరులే ఎక్కువ. బంజారాలు మొఘలుల దండుకు ధాన్యం మోశారని ఛాతీ విరుచుకొని రాస్తాం. 1791లో టిప్పు మీదికి పోయిన కార్న్‌వాలిస్ దండుకు మోసిందీ బంజారాలే. అది రాయం. కిరాయి ఇచ్చినవాడికి మోశారు, బతకాలి కదా. దాచిపెట్టడానికి అందులో సిగ్గేమీ లేదు. దాచిపెడితే మనమూ గైడే రాస్తున్నట్టు.

కొమరం భీం పాఠం 1940లో జోడెఘాట్‌లో తుపాకీ పేలిన చోట ఆగుతుంది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను గోండుల మధ్యకు పంపింది, 1940లలోనే మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి. టీచర్లమైన మాకు ఆ శిక్షణ కేంద్రం మీద పది పేజీలు చదవాలని ఉంటుంది. దొరకవు. అట్లాగే జాటోతు ఠాను నాయక్. అప్పటి నల్లగొండ జిల్లా ధర్మాపురంలో విసునూరు దేశ్‌ముఖ్‌తో కొట్లాడిన లంబాడా, 1950లో అమరుడయ్యాడు. సొంత జిల్లా పిల్లలకు ఆయన పేరు గోడ మీది పోస్టరులో తెలుసు, పాఠంలో తెలియదు.

పుస్తకం మారేదాకా కూర్చుంటే ఇంకో తరం పోతుంది. అందుకని ఈ వేసవిలో ఇంటర్ పిల్లలకు మేము ఒక పని ఇచ్చాం. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అడగాలి: మీ తాతలు ఏం మోశారు, ఏ జంతువు మీద, ఏటి మీద ఎక్కడ దాటారు, తిరుగు మోతలో ఏం తెచ్చారు, ఎప్పుడు మానేశారు, ఎందుకు. జవాబు చెప్పినవారి మాట మార్చకుండా రాయాలి. ఇప్పటికి పదకొండు నోటుబుక్కులు వచ్చాయి. వాటిలో ఏడింటిలో ఉప్పు ఉంది. రెండింటిలో పోలీసు హాజరు ఉంది. ఒకదాంట్లో ఎద్దుల పేర్లు మాత్రమే ఉన్నాయి, పద్నాలుగు పేర్లు, ఏ ఎద్దు దేనికి తమ్ముడో కూడా.