తెల్లవారుజాము నాలుగింటి పరీక్ష

తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది. మొత్తం 61 రోజులు. నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర బోటున్నవాళ్లకు ఈ రెండు తేదీలూ నోటికొచ్చినవే. జూన్ 15 తెల్లవారుజామున నాలుగింటికి ఒకాయన వేటకు బయల్దేరుతూ ఫోన్లో నిషేధం వివరాల పేజీ తెరిచాడనుకుందాం. ‘నిషేధం అమల్లో ఉంది’ అని వచ్చింది. ఐదున్నర దాటాక చూస్తే అదే పేజీ ‘ముగిసింది’ అంది. సర్వరు గడియారం గ్రీనిచ్ సమయం మీద నడుస్తోంది మరి. అది భారత సమయానికి 5 గంటల 30 నిమిషాలు వెనక. ఇక్కడ నాలుగైనా, దాని లెక్కలో ఇంకా జూన్ 14 రాత్రి పదిన్నరే.

ప్రోగ్రామర్ పగటిపూట ఎన్నిసార్లు చూసుకున్నా ఈ తప్పు బయటపడదు. వేట వేళలు తెలిసినవాళ్లు మాత్రం మొదటే అడుగుతారు, నాలుగింటికి ఏం చూపిస్తుందని. ఆ ప్రశ్నను కోడ్ రాయకముందే రాబట్టి, మామూలు వాక్యాల్లో పెట్టి, ఆ వాక్యాలనే పరీక్షగా నడిపించే పద్ధతి పేరు బిహేవియర్ డ్రివెన్ డెవలప్మెంట్. వాడుకలో బీడీడీ. 2003 ప్రాంతంలో డాన్ నార్త్ దీనికి రూపం ఇచ్చాడు. 2008లో ఆస్లాక్ హెల్లెసోయ్ కుకుంబర్ అనే పరికరం తెచ్చాక ఇది ఊపందుకుంది. కుకుంబర్ అంటే దోసకాయ. అది చదివే భాష గెర్కిన్, అంటే ఊరవేసుకునే చిన్న దోసకాయ.

గెర్కిన్ 70కి పైగా భాషల్లో రాయవచ్చు. వాటిలో తెలుగూ ఉంది. ఫైలు మొదటి వరుసలో తెలుగు భాషా సంకేతం పెడితే చాలు, ఇలా రాసుకోవచ్చు:

గుణము: వేట నిషేధ సమాచారం
సన్నివేశం: నిషేధం ముగిసిన తెల్లవారుజాము
చెప్పబడినది నెల్లూరు తీరంలో సమయం జూన్ 15 ఉదయం 4 గంటలు
ఈ పరిస్థితిలో మోటారు బోటు యజమాని నిషేధం పేజీ తెరిచాడు
అప్పుడు "నిషేధం ముగిసింది" అని కనిపించాలి

మొదట ఉన్న స్థితి, తర్వాత జరిగిన పని, చివర రావలసిన ఫలితం. ఈ మూడే బీడీడీకి ఆయువుపట్టు. అయితే తెలుగు చెవికి ఈ మాటలు కొంచెం గరుకుగానే తగులుతాయి. ‘చెప్పబడినది’ అని ఇంట్లో ఎవరూ అనరు. ‘ఈ పరిస్థితిలో’ అనేది స్థితిని చెప్పే వరుసకు అతికినట్టుండేది. కానీ పనిని చెప్పే వరుసకు దక్కింది. పైగా తెలుగులో షరతు మాట చివర చేరుతుంది: తెరిస్తే, ముగిశాక, ఉన్నప్పుడు. అందుకే కొందరు ఈ తలమాటలు మానేసి గెర్కిన్ ఒప్పుకునే నక్షత్రం గుర్తు పెట్టి, వాక్యాన్ని తమ ధోరణిలో రాసుకుంటారు.

వాక్యాలు కుదిరాక వాటి కింద రెండు అంచెలు కట్టాలి. ఒకటి స్టెప్ డెఫినిషన్లు: ఏ వాక్యానికి ఏ కోడ్ నడవాలో చెప్పేవి. రెండోది బ్రౌజర్ని నడిపే పరికరం. 2004లో షికాగోలో జేసన్ హగిన్స్ మొదలుపెట్టిన సెలీనియం ఈ పనికి పాతకాపు. 2020లో వచ్చిన ప్లేరైట్ కొత్తది. ఇక్కడ ఒక ముందుచూపు కావాలి. పరీక్ష కోసం జూన్ 15 దాకా కాచుకోలేరు కనుక, ‘ఇప్పుడు టైమెంత’ అన్నది కోడ్ నేరుగా గడియారాన్ని అడగకుండా బయటినుంచి అందించే ఏర్పాటు ఉండాలి. అది లేని అప్లికేషన్‌లో పై సన్నివేశం ఏడాదికి ఒక్కపూటే నడుస్తుంది.

కట్టాక చిక్కులు మొదలవుతాయి. వాక్యం సరిగ్గానే ఉన్నా ‘ఈ స్టెప్ ఎక్కడా లేదు’ అని కుకుంబర్ మొరాయిస్తుంది. తెలుగులో దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ‘జూన్’ లాంటి పొల్లుతో ముగిసే మాట తర్వాత కొన్ని టైపింగ్ పరికరాలు కంటికి కనపడని అక్షరం ఒకటి వదిలిపోతాయి. ఫైల్లో అది ఉండి కోడ్‌లో లేకపోతే, చూపుకు ఒకటే అయిన రెండు మాటలు యంత్రానికి వేరువేరు. ఎదురెదురుగా పెట్టి గంటసేపు చూసినా తేడా దొరకదు. అక్షరాలు లెక్కపెడితే ఒకటి ఎక్కువ వస్తుంది. తెలుగు అంకెల్లో ‘౧౫’ అని రాసినా ఇదే తంటా; సంఖ్యల చోట కుకుంబర్ 0 నుంచి 9 దాకా ఉన్న అంకెలనే పోలుస్తుంది.

ఇంకో జబ్బు, ఒకసారి పాసై మరోసారి ఫెయిలవడం. సమాచారం సర్వరు నుంచి రావడానికి క్షణం పడుతుంది. సెలీనియం దానంతటది ఆగదు. చాలామంది ఐదు సెకన్లు నిద్రపుచ్చే వరుస ఒకటి ఇరికిస్తారు. నెట్ మందగిస్తే ఆ ఐదూ చాలవు, చురుగ్గా ఉంటే ఐదూ దండగ. ‘ఫలానా మాట కనిపించేదాకా, పది సెకన్లకు మించకుండా ఆగు’ అని రాయడమే మందు. బ్రౌజర్ అప్డేటై, దాన్ని సెలీనియంతో కలిపే డ్రైవర్ పాతబడిపోయే గొడవ మాత్రం 2022లో సెలీనియం 4.6 వచ్చాక తగ్గింది. తగిన డ్రైవర్ని అదే తెచ్చుకుంటోంది.

ఇంత శ్రమ దేనికంటే, పై మూడు వరుసలు కోడ్ తెలియనివాళ్లు కూడా చదవగలరు. 2015కు ముందు నిషేధం మే 31తోనే ముగిసేది. అలాంటి మార్పు మళ్లీ వస్తే ఏ వరుస మార్చాలో మత్స్యశాఖ ఉద్యోగి వేలు పెట్టి చూపగలరు. ఇంజన్ లేని తెప్ప ఉన్నాయన చదివితే అడిగే ప్రశ్న వేరు: ‘మాకసలు నిషేధమే లేదు గదా, మే నెలలో మాకేం చూపిస్తది?’ నిజమే, మోటారు లేని సంప్రదాయ పడవలకు ఆ నిషేధం వర్తించదు. ఒకే సన్నివేశాన్ని వేరువేరు విలువలతో నడిపించే ‘ఉదాహరణలు’ పట్టికలో తెప్ప పేరుతో ఇంకో వరుస చేరుతుంది. మళ్లీ నడిపితే ఆ వరుస ఫెయిలై ఎర్రగా వస్తుంది. ప్రోగ్రామర్‌కి ఆ పూట పని దొరికినట్టే.