పైమెట్టు మీద చట్టం ఉండదు

ఆఫీసు రాజకీయాలు ఇప్పుడు పెద్ద ఉద్యోగుల శిక్షణలో ఒక పాఠం, వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో ఒక అధ్యాయం. వాటి సారం ఇంతే: పైస్థాయిలో పని ఒక్కటే చాలదు. పెద్దల కంట్లో పడాలి, వాళ్లలో ఒకరి అండ సంపాదించాలి, మీటింగుకి ముందే నలుగురితో మాట కలుపుకోవాలి. ఎవరైనా నేర్చుకోగల నైపుణ్యమట ఇది. ఈ బోధనలో కులం ఊసే రాదు. ఆ మౌనం ఎవరికి పనికొస్తోందన్నదే మా ప్రశ్న.

ఉప్పల్, నాచారం నుంచి చూస్తే సంగతి తేటగా కనిపిస్తుంది. ఇక్కడ పారిశ్రామికవాడలున్నాయి, కార్మికుల ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. ఇదే ఉప్పల్లో జెన్‌పాక్ట్ వంటి బహుళజాతి సంస్థ క్యాంపస్ కూడా ఉంది. షెడ్డులో మిషను తిప్పిన దళితుడి కొడుకో కూతురో చదువుకుని మేనేజరు కావడం ఈ పేటల్లో ఊహకందని విషయమేం కాదు. అయితే తండ్రికి ఉన్నదొకటి ఆ బిడ్డకి లేదు: చట్టం అండ.

తండ్రి కార్మికుడు. అన్యాయంగా తీసేస్తే 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కింద లేబర్ కోర్టుకెక్కగలిగేవాడు. బిడ్డ మేనేజరు. మేనేజరు కార్మికుడు కాడని ఆ చట్టమే చెప్పింది. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా అదే గీత గీసింది. మెట్టెక్కినకొద్దీ జీతం పెరుగుతుంది, రక్షణ తరుగుతుంది. రక్షణ పోయినచోట మిగిలేది పైవాళ్ల అభిప్రాయం. ఆ అభిప్రాయానికే 'రాజకీయాలు' అని ముద్దుపేరు.

పైవాళ్లెవరు? దేశంలోని 1000 పెద్ద కంపెనీల డైరెక్టర్ల బోర్డుల మీద అజిత్, డాంకర్, సక్సేనాల అధ్యయనం 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. బోర్డు సభ్యుల్లో దాదాపు 93 శాతం అగ్రకులస్తులు. ఎస్సీ, ఎస్టీలు ఇద్దరూ కలిపి 3.5 శాతం. అంతకుముందు 2007లో సురీందర్ జోద్కా, కాథరిన్ న్యూమన్ ఉద్యోగాలిచ్చే మేనేజర్లతో మాట్లాడారు. తాము చూసేది ప్రతిభనే అన్న ఆ మేనేజర్లే అభ్యర్థుల ఇంటి నేపథ్యం అడగడం సహజమన్నారు. తండ్రి ఏం చేస్తాడు, ఎక్కడ పెరిగావు? మనవాళ్లు ఈ ప్రశ్నకి జవాబు చెప్పకముందే అవతలివాళ్లకి జవాబు తెలిసిపోతుంది. అండ సంపాదించమనే సలహా అగ్రకులంవాడికి ఇంట్లో ఉన్నదాన్ని వాడుకోమనడం. మనకి మాత్రం లేనిదాన్ని అడుక్కోమనడం.

ప్రభుత్వ ఉద్యోగం స్వర్గమని మేమనం. 1995 నాటి 77వ సవరణ ప్రమోషన్లలో రిజర్వేషన్లకి దారి వేసినా, కేంద్ర కొలువుల్లో సెలక్షన్ ప్రమోషన్లకి అది గ్రూప్-ఎ అట్టడుగు మెట్టు దాకే. అయినా అక్కడ కాగితం ఉంది. దేవ్‌దత్ అనే ఇంజనీరుకి రహస్య నివేదికలో 'గుడ్' అని రాసి, ఆ సంగతి ఆయనకి చెప్పకుండానే ప్రమోషన్ ఆపేశారు. రాసిన ప్రతి మాటా ఉద్యోగికి తెలియజేయాలని 2008లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రైవేటు కంపెనీ మూసిన గదిలో 'ఇతను మనలో ఇమడడు' అంటే, అన్నదెవరో తెలుసుకునే హక్కేది?

1989 అత్యాచార నిరోధక చట్టం ఉంది కదా అనొచ్చు. దాని ప్రకారం కులంపేరుతో తిట్టడం పదిమంది చూసేచోట జరగాలి. బయటివాళ్లెవరూ లేని నాలుగ్గోడల మధ్య జరిగితే ఆ నేరం కిందకి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా పెద్ద ఆఫీసుల్లో తిట్టనవసరం లేదు. మీటింగుకి పిలవకపోతే చాలు.

మనలోనే కొందరంటారు: 'ఏడ్చి లాభం లేదు, ఆట నేర్చుకుని పైకి రావాలి, తర్వాత మనవాళ్లని లాగాలి.' ఈ మాటని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. ఇంటికి ఒక్క జీతమే ఆధారమైనవాడు తెల్లారితే ఆఫీసులో నెగ్గుకురావాలి. కాని అండ ఇచ్చినవాడు ఊరికే ఇవ్వడు. కులం మాటెత్తకపోవడమే దాని ఖరీదు. నోరు కట్టేసుకుని పైకెక్కినవాడు వెనకవాణ్ణి ఏ మాట చెప్పి లాగుతాడు?

2004 తర్వాత ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల చర్చ లేస్తే, పరిశ్రమాధిపతుల సంఘాలు స్వచ్ఛంద నియమావళి చూపించి తప్పుకున్నాయి. శిక్షణ, స్కాలర్‌షిప్పులు ఇస్తామన్నాయి. ఇవి గుమ్మం దాకా తెచ్చే సాయాలు, పైఅంతస్తు సంగతి వాటిలో లేదు. రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వ కొలువులకే పరిమితం. అమెరికాలో సియాటిల్ నగరం 2023లో తన వివక్ష నిషేధ చట్టంలో కులాన్ని చేర్చింది, అది ప్రైవేటు యజమానులకీ వర్తిస్తుంది. కులం పుట్టిన దేశంలో ఆ మాత్రం అడగడానికి మనకి మొహమాటం దేనికి?

మేం అడిగేవి మూడు. ప్రమోషన్‌కి ఏ కొలతలు వాడతారో ముందే కాగితం మీద పెట్టాలి. కాదన్నప్పుడు కారణం రాసి ఉద్యోగి చేతికివ్వాలి. ఏ మెట్టు మీద ఏ కులంవాళ్లు ఎందరున్నారో ఏటా లెక్క చెప్పాలి. రిజర్వేషన్ల డిమాండుతో పాటే ఇవీ సాగాలి. ఉద్యోగ సంఘాలూ, దళిత విద్యార్థి సంఘాలూ మేనేజరు సమస్య మనది కాదనుకోకూడదు. నాచారం షెడ్డులో తండ్రులు పోరాడి తెచ్చుకున్న కాగితాన్నే బిడ్డలు పైఅంతస్తులో అడుగుతున్నారు.