కంటి కాగితము

ఈ వారము మా మేనకోడలు మందుబిళ్ళల అట్టను దీపము క్రిందికి జరిపి, చేయి చాచి చూచి, మరల దగ్గరకు తెచ్చి, అప్పటికిని గడువుతేదీ కనబడక, “అంత డబ్బు పోసి కళ్ళు బాగుచేయించుకున్నాక మళ్ళీ అద్దాలేమిటి మామయ్యా? మోసపోయాను” అని నిట్టూర్చినది. పెండ్లిచూపులనాటికి పిల్ల ముఖమున అద్దము లుండరాదని పెద్దలు పట్టుబట్టగా లాసిక్ అను లేజరు చికిత్స చేయించుకొన్న యామెకు ఇప్పుడు నలువదులు దాటినవి. “జీవితాంతము అద్దములకు సెలవు” అను గోడప్రకటనలపై నాకుగల పాతకక్ష నెరిగిన పాఠకులు, నా కలము ఎటు పరుగెత్తునో ఊహించియే యుందురు.

పరుగెత్తిన మాట నిజమే. 1970లలో మాస్కో వైద్యుడు ఫ్యొదొరోవ్ ప్రచారములోనికి తెచ్చిన, మైనస్ చూపును దిద్దుటకై కార్నియాపై సన్నని కత్తితో చుట్టును గాట్లు పెట్టు చికిత్స జ్ఞప్తికి వచ్చినది. ఆ కండ్లను పదేండ్లు గమనించి 1994లో అమెరికా వైద్యులు ప్రకటించిన లెక్క ప్రకారము, నూటికి 43 కండ్లు ఒక డయాప్టరో అంతకు మించియో ప్లస్ వైపునకు జరిగిపోయినవి. లేజరునుగూడ ఈ గాటనే కట్టివేయవలెనని కూర్చుంటిని.

ఇంతలో మా తాతగారు అడ్డువచ్చిరి. శుక్లము తీసినచోట కృత్రిమకటకమును అమర్చుట లండనులో రిడ్లీ 1949లోనే ఆరంభించినను, మా తాతగారు వెళ్ళిన శిబిరమున కటకము తీసివేసి, కట్టు కట్టి, సోడాబుడ్డి అద్దము లిచ్చి పంపిరి. ఆ అద్దములలో సమస్తమును నాలుగవవంతు పెద్దదై, చేరువైనట్లు తోచుటచే, ఆయన చేయి కాఫీగ్లాసునకు ఇవతలనే మూసికొనెడిది. “గ్లాసు జరిపింది నువ్వే” అని అమ్మమ్మమీద కేకలు వేయుచుండెడివారు. అయినను వైద్యుని పల్లెత్తుమాట అనలేదు. పోయిన చూపు వచ్చినది, భాగవతము చేతికి వచ్చినది. వచ్చినదానికి వంకలు పెట్టరాదని వారి మతము.

తాతగారి తలపుతో నా కోపము చల్లారినది. లేజరు దిద్దినది కంటి ముందరి కార్నియాను; చత్వారము వచ్చునది లోపలి కటకము వయస్సుతో బిగిసిపోవుటచేత. వాకిలి తలుపు బాగుచేసిన వడ్రంగి నడియింటి దూలమునకు పూచీపడునా? మేనకోడలు నేటికిని దూరపు బస్సు బోర్డును అద్దములు లేకుండ చదువుచున్నది. ఆమె కోల్పోయిన దొక్కటే: చికిత్స చేయించుకొనని మైనస్ చూపువారు ఈ వయస్సున అద్దములు తీసి సుఖముగా చదువుకొందురు, ఆ వెసులుబాటు నామె యౌవనముననే ఖర్చుపెట్టుకొన్నది. ఇది మోసము కాదు, బేరము; ముందుగా విప్పి చెప్పకపోవుట మాత్రము తప్పు.

ఇక కాగితములు దాచుకొనుడని ఈ పుటలో నేను పెట్టు పోరు కొత్తది కాదుగాని, ఇచ్చట దానికి ప్రాణమంత విలువ గలదు. కార్నియా ఆకృతి మారిన కంటికి రేపు శుక్లము తీసి కటకము వేయునప్పుడు మామూలు సూత్రములతో లెక్కగట్టిన పవరు తప్పవచ్చును. పలుచనైన కార్నియాపై కంటి ఒత్తిడి ఉన్నదానికంటె తక్కువగా కనబడి, నీటికాసులు మరుగున పడవచ్చును. కావున కన్ను దిద్దించుకొన్నవారలారా, చికిత్సకు ముందటి కొలతల చీటీని పొలము పాసుపుస్తకముతో బాటు భద్రపరచుడు. ఏ కంటివైద్యుని యెదుట కూర్చున్నను, లేజరు చేయించుకొన్న సంగతి మొట్టమొదట చెప్పుడు.