'ది స్నోమ్యాన్' చిత్రంలో అభిజ్ఞానం: ఒక పునఃపరిశీలన

1982 డిసెంబర్ 26న చానెల్ 4 టెలివిజన్‌లో తొలిసారి ప్రసారమైన 'ది స్నోమ్యాన్' బ్రిటన్‌లో క్రిస్మస్ ఆనవాయితీలలో ఒకటిగా స్థిరపడిన యానిమేషన్ చిత్రం. నిడివి 26 నిమిషాలు. దర్శకురాలు డయాన్ జాక్సన్. సంగీతం హోవర్డ్ బ్లేక్. రేమండ్ బ్రిగ్స్ 1978లో మాటలు లేకుండా బొమ్మలతోనే కథ నడిపిన పుస్తకం దీనికి మూలం. చిత్రంలోని పాత్రలూ మాట్లాడవు. బాల్యంలో చూసినవారికి ఆకాశంలో ఎగిరే ఘట్టమూ, అప్పుడు వినిపించే పాటా గుర్తుండిపోతాయి. పెద్దయ్యాక మళ్లీ చూసినప్పుడు దృష్టి ముగింపు మీద నిలుస్తుంది. ఆ ముగింపులో కనిపించే ఒక చిన్న వస్తువు కథార్థాన్ని ఎట్లా మార్చిందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కథ సరళమైనది. బాలుడు చేసిన మంచుమనిషికి అర్ధరాత్రి ప్రాణం వస్తుంది. ఇద్దరూ పెద్దలను నిద్రలేపకుండా ఇల్లంతా తిరుగుతారు. తరువాత ఆకాశంలోకి ఎగురుతారు. తెల్లవారి చూస్తే మంచుమనిషి కరిగిపోయి ఉంటాడు. పుస్తకంలో క్రిస్మస్ ప్రస్తావన లేదు. ప్రయాణం సముద్రతీరం వరకే. చిత్రం వారిని ఉత్తర ధ్రువానికి తీసుకువెళుతుంది. అక్కడి మంచుమనుషుల వేడుక, క్రిస్మస్ తాత, ఆయన బాలుడికి కానుకగా ఇచ్చే మఫ్లరు - ఇవన్నీ చిత్రం చేర్చినవే.

ఈ చేర్పులను పండుగ ప్రేక్షకుల కోసం పూసిన తీపిగా భావించడం సులభం. కాని కథలో అవి చేసే పని అందుకు విరుద్ధం. పుస్తకం ముగిశాక పాఠకుడు ఆ రాత్రిని కలగా భావించి ఊరట పొందవచ్చు. చిత్రం ఆ వెసులుబాటును తొలగిస్తుంది. కరిగిన మంచు ముందు నిలిచిన బాలుడు జేబులో చేయి పెడతాడు. మఫ్లరు చేతికి తగులుతుంది. ఆ రాత్రి నిజం. కనుక స్నేహమూ నిజమే, నష్టమూ నిజమే.

మన సాహిత్య పరిభాషలో ఈ మఫ్లరు ఒక అభిజ్ఞానం. కాళిదాసు నాటకంలో ఉంగరం దుష్యంతుడికి శకుంతలను గుర్తుచేస్తుంది. మొదట అతడు దుఃఖిస్తాడు. ఏడవ అంకంలో ఆమెను తిరిగి కలుసుకుంటాడు. రామాయణంలో హనుమంతుడు తెచ్చిన చూడామణి సీత జీవించి ఉన్నదని రాముడికి తెలుపుతుంది. ఈ రెండు గుర్తులూ పునస్సమాగమానికి దారి తీస్తాయి. మఫ్లరు మాత్రం జ్ఞాపకాన్ని ధ్రువపరచి అక్కడే ఆగిపోతుంది. దానిని చూసి ఎవరూ తిరిగి రారు.

భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో విప్రలంభాన్ని సాపేక్షమనీ, కరుణాన్ని నిరపేక్షమనీ వేరు చేశాడు. విప్రలంభం శృంగారానికి చెందినదైనా, కలయికపై ఆశ ఉందా లేదా అన్న ఆ గీటురాయి ఈ స్నేహకథకూ వర్తిస్తుంది. చిత్రం ఈ నిరాశకు ముందే భూమిక సిద్ధం చేసింది. మోటార్‌సైకిల్ ఇంజిన్ వేడికి మంచుమనిషి కరగడం మొదలై, ఫ్రీజర్‌లో పడుకుని తేరుకుంటాడు. పిల్లలు నవ్వుకునే ఆ ఘట్టమే అతడి శరీరధర్మాన్ని తెలియజేస్తుంది. ముగింపు ఆకస్మిక విపత్తు కాదు. ముందే చెప్పిన నియమం అమలు కావడమే.

అమెరికన్ ప్రేక్షకుల కోసం తరువాత జోడించిన ప్రారంభంలో గాయకుడు డేవిడ్ బౌయీ ఇంటి అటకపై సొరుగులోంచి అదే మఫ్లరును తీస్తాడు. బాలుడు పెద్దవాడయ్యాడనీ, దానిని పారవేయలేదనీ ఈ దృశ్యం సూచిస్తుంది. అయితే కథ ముగిశాక చిత్రం ఆ పెద్దవాడి వద్దకు తిరిగి రాదు. మంచు పక్కన మోకరిల్లిన పిల్లవాడి వద్దనే ముగుస్తుంది.

బాలసాహిత్యం దుఃఖాన్ని పిల్లల కంట పడనీయరాదన్న అభిప్రాయం మన విమర్శలోనూ తరచు వినిపిస్తుంది. ఈ చిత్రం దుఃఖాన్ని దాచలేదు, వివరించనూ లేదు. పోయినవారు నిజంగా ఉండేవారన్న నమ్మకాన్ని బాలుడి చేతిలో ఉంచింది. ఉత్సవ చిత్రంగా ఆదరణ పొందిన ఈ కృతిని కరుణరస ప్రధానమైన బాలల చిత్రంగా గుర్తించడం సముచితం.