ఎర్తింగ్ దగ్గర తెలిసే పనితనం

ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ నడకను ఇష్టపడేవాళ్ళకు కంపెనీ కారు స్టీరియోలో ఆ పాటలు ఎందుకు పలచగా అనిపిస్తాయో వేరే చెప్పనక్కర్లేదు. ఆ గిటార్ అడుగు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. కారు తలుపులో బిగించిన ఆరంగుళాల స్పీకరు ఆ స్వరాన్ని మోయలేదు. పైనున్న అతిస్వరాలను మాత్రం వినిపించి, కిందిదాన్ని మన మెదడు ఊహకు వదిలేస్తుంది. స్వరం ఒక స్థాయి కిందికి దిగినప్పుడల్లా అదే చప్పుడు రావడానికి స్పీకరు పొర నాలుగింతలు ఎక్కువగా ముందుకూ వెనక్కూ కదలాలి. 80 హెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటరు కదిలితే సరిపోయేది, 40 దగ్గర నాలుగు మిల్లీమీటర్లు కదలాలి. చిన్న స్పీకరులో అంత చోటు లేదు. పన్నెండు అంగుళాల సబ్ ఊఫర్ పొర వైశాల్యం దానికి దాదాపు నాలుగింతలు. ఇక్కడ ఊఫరు అవసరం గొప్ప కోసం వచ్చింది కాదు, లెక్క కోసం వచ్చింది.

ఆర్మూర్‌లో ఈ అవసరం ఇంకొంచెం ఎక్కువ. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ పోయే 44వ నంబరు జాతీయ రహదారీ, నిజామాబాద్ నుంచి జగిత్యాల వైపు సాగే 63వ నంబరు రహదారీ కలిసే చోటిది. పసుపు రైతు నిజామాబాద్ యార్డుకు తిరుగుతాడు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినాయన శంషాబాద్ విమానాశ్రయం నుంచి ఇంటిదాకా గంటల తరబడి కారులోనే ఉంటాడు. బండి వేగం అందుకున్నాక టైర్ల మోత, గాలి మోత మొదలవుతాయి. ఆ మోతలో ఎక్కువ భాగం కింది స్వరాలే కాబట్టి, పాటలోని కింది స్వరాలనే అది ముందుగా మింగేస్తుంది.

నేను దగ్గరుండి చూసిన పని మామిడిపల్లి చౌరస్తా వైపు ఒక చిన్న షాపులో జరిగింది. బండి స్విఫ్ట్. దాని యజమాని గల్ఫ్‌లో చాలాకాలం పనిచేసి వచ్చిన పెద్దమనిషి. కంపెనీ స్టీరియో తీసేయొద్దనీ, ఒక్క తీగ కూడా కోయొద్దనీ ఆయన షరతు. పనివాడు వయసులో చిన్నవాడు. ఆయన వాట్లు ఎన్ని అని అడుగుతుంటే, అతను ముందుగా బానెట్ ఎత్తి బ్యాటరీ చుట్టూ చూశాడు. "సౌండ్ ఎవ్వలన్న పెంచుతరు కాకా. ఎర్తింగ్ మంచిగ కొట్టుడే అసలు పని" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో ఆ పూటంతా చూస్తూ పోయాను.

కంపెనీ స్టీరియోకు బలం ఎందుకు తక్కువో మొదట చూద్దాం. ఇంజన్ నడుస్తుండగా కారులో దొరికేది సుమారు 14 వోల్టులు. స్టీరియోలోని చిప్పు ఆ 14 వోల్టులతోనే నాలుగు ఓమ్‌ల స్పీకరును నడపాలి. కాగితం మీద లెక్కవేసినా ఒక్కో స్పీకరుకు 25 వాట్లు దాటడం కష్టం, చేతికి వచ్చేది ఇరవై లోపే. అదే ఊఫరుకు 300 వాట్లు పంపాలంటే దాని కొసల దగ్గర దాదాపు 35 వోల్టులు ఉండాలి. పన్నెండు వోల్టుల బ్యాటరీ ఉన్న బండిలో ఆ 35 ఎక్కడిది? యాంప్లిఫయరు లోపల గుండ్రటి ట్రాన్స్‌ఫార్మరు ఒకటి ఉంటుంది. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటును యాంప్ సెకనుకు వేలసార్లు తెంపి కలుపుతూ ఈ ట్రాన్స్‌ఫార్మరు గుండా పంపి, పెద్ద వోల్టేజీగా మారుస్తుంది. యాంప్ చేసే మొదటి పని ఇదే, పాట పెంచడం ఆ తర్వాత.

అంత బలం బ్యాటరీ నుంచే రావాలి కాబట్టి తీగ లెక్క మొదలవుతుంది. 300 వాట్లు ఇచ్చే డి క్లాస్ యాంప్ గట్టిగా పాడేటప్పుడు 27 ఆంపియర్ల దాకా లాగుతుంది. బానెట్ నుంచి డిక్కీ దాకా తీగ అయిదు మీటర్లు. ఎనిమిది గేజి రాగి తీగ అయితే దారిలోనే పావు వోల్టుకు పైగా పోతుంది. నాలుగు గేజి అయితే పోయేది పదో వంతు వోల్టు. ఇతను నాలుగు గేజినే తీసుకున్నాడు, తీగ కొసను బ్లేడుతో గీరి లోపల రాగి రంగే ఉందో లేదో చూపించాడు. బజారులో పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న తీగలు చవగ్గా దొరుకుతాయి. అల్యూమినియం కరెంటును మోసేది రాగి మోసేదాంట్లో అరవై శాతమే. పైన ప్లాస్టిక్ లావుగా ఉంటే తీగ లావుగా కనిపిస్తుంది, కొనేవాడికి తేడా తెలియదు.

పది నంబర్ పానాతో ముందు బ్యాటరీ నెగెటివ్ తీసి పక్కకు పెట్టాడు. బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు బిగించాడు. ఈ ఫ్యూజు యాంప్‌ను కాపాడడానికని చాలామంది అనుకుంటారు. నిజానికి అది తీగను కాపాడడానికి. ఇంజన్ గదికీ లోపలికీ మధ్య ఉన్న రేకు అంచు ఏళ్ళ తరబడి తీగను ఒరుసుకుంటే ఒకరోజు తొడుగు తెగుతుంది. అప్పుడు బ్యాటరీ వందల ఆంపియర్లను ఆ చోటులోకి తోసేస్తుంది, తీగ ఎర్రగా కాలుతుంది. ఫ్యూజు డిక్కీ దగ్గర ఉంటే దానికి ముందున్న అయిదు మీటర్ల తీగకూ దిక్కు లేదు. అందుకే ఫ్యూజు ఎప్పుడూ బ్యాటరీ పక్కనే ఉండాలి. రేకులో కొత్త రంధ్రం వేయకుండా, కంపెనీ తీగలు పోయే రబ్బరు బుషింగ్‌లోంచే ఇతను తన తీగనూ దూర్చాడు, దాని మీద అదనంగా ముడతల గొట్టం తొడిగాడు. అది పైకి కనబడని చోటు. అక్కడ ఆ గొట్టం లేదని అడిగేవాడు ఉండడు. అయినా తొడిగాడు.

పవర్ తీగను డ్రైవర్ వైపు గుమ్మం కింద పరిచి, పాట తీగను ఎడమ వైపు గుమ్మం కింద తెచ్చాడు. రెండూ పక్కపక్కన సాగితే ఆల్టర్నేటర్ చేసే సన్నని ఈల, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పైకి లేస్తూ పాటలో దూరుతుంది. పసుపు రంగు తొడుగున్న తీగలు ఎయిర్‌బ్యాగువి కాబట్టి వాటి దగ్గరికి చెయ్యి కూడా పోనివ్వలేదు. తీగలను గుడ్డ టేపుతో చుట్టాడు. మామూలు నల్ల టేపు జిగురు మన ఎండకు కరిగి జారిపోతుంది. ఇక్కడ మే నెలలో మూసి ఉంచిన కారు లోపలి వేడి చెయ్యి పెట్టనివ్వదు.

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన భాగం, కంపెనీ స్టీరియో నుంచి పాటను తెచ్చుకున్న తీరు. మన దగ్గర అమ్ముడయ్యే చాలా కార్లలో స్టీరియోకు యాంప్ కోసం ప్రత్యేకమైన అవుట్ ఉండదు. తలుపు స్పీకర్లకు పోయే తీగల్లోంచే దాన్ని పట్టుకోవాలి. తీగ కోయకూడదన్న షరతు ఉంది కదా, కంపెనీ కప్లరుకు సరిపోయే మగ, ఆడ కప్లర్లున్న మధ్య తీగ ఒకటి పెట్టాడు. రేపు వద్దనుకుంటే రెండు కప్లర్లు ఊడదీసి పాతవి కలిపితే బండి మళ్ళీ షోరూములోంచి వచ్చినట్టే ఉంటుంది.

ఇక్కడే తెలియనివాళ్ళు చెడగొట్టుకునే చోటుంది. పాత రేడియోల్లో స్పీకరు నెగెటివ్ అంటే బండి బాడీయే. ఇప్పటి స్టీరియోలో అలా ఉండదు. ప్లస్, మైనస్ రెండు తీగల మీదా ఆరేడు వోల్టులు నిలబడి ఉంటాయి, ఆ రెండింటి మధ్య తేడాయే పాట. మైనస్ కదా అని దాన్ని తీసుకెళ్ళి బాడీకి తగిలిస్తే స్టీరియోలోని చిప్పు పోతుంది. ఇతను మల్టీమీటరు పెట్టి రెండు తీగల మీదా ఆ వోల్టులను చూశాకే ముందుకు కదిలాడు. పైగా ఆ వోల్టులనే వాడుకున్నాడు కూడా: స్టీరియో ఆన్ కాగానే ఆ ఆరు వోల్టులు వస్తాయి, యాంప్ వాటిని పసిగట్టి తానే మేలుకుంటుంది. తాళం తీయగానే నిద్రపోతుంది. దాంతో ఆన్ చేయడానికి ఇంకో తీగ లాగే పని తప్పింది, రాత్రంతా యాంప్ మేలుకొని బ్యాటరీ తాగేస్తుందన్న భయమూ లేదు.

ఎర్తింగ్ దగ్గర అతను తీసుకున్న సమయం మిగతా ఏ ఒక్క పనికీ తీసుకోలేదు. బ్యాటరీ నుంచి వచ్చిన కరెంటు అంతా బాడీ ఇనుము గుండానే తిరిగి వెళ్ళాలి. వచ్చే దారి ఎంత లావో పోయే దారీ అంతే లావు ఉండాలి. డిక్కీలో సీటుబెల్టు బోల్టు చేతికందేలా ఉంది, చాలామంది దానికే తగిలిస్తారు. ఇతను దాన్ని ముట్టలేదు. "అది మనిషిని పట్టేది కాకా, దాని తోని మనకు పని లేదు" అన్నాడు. బాడీలో గట్టి ఇనుమున్న చోటు వెతికి, రూపాయి బిళ్ళంత మేర పెయింటును గరుకు కాగితంతో రుద్ది తెల్లటి ఇనుము తేల్చాడు. తీగ కొసకు లగ్గును నొక్కి బిగించి, పళ్ళ వాషరు వేసి బోల్టు బిగించాడు. ఆ వాషరు పళ్ళు ఇనుములోకి దిగి పట్టు వదలవు. పైన తుప్పు పట్టకుండా పెయింటు రాశాడు. తీగ పొడవు మూరెడు కూడా లేదు. యాంప్ పాడుతుండగా ఎర్త్ బోల్టుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య మీటరు పెట్టి చూశాడు. పదో వంతు వోల్టు కూడా చూపించలేదు. అప్పటిదాకా నవ్వని మనిషి అప్పుడు నవ్వాడు.

ఊఫరు బిగించే పెట్టె చేసింది అతను కాదు, పక్క వీధి వడ్లాయన. 18 మిల్లీమీటర్ల ఎమ్‌డీఎఫ్ పలక, లోపలి కొలతలు 40, 32, 26 సెంటీమీటర్లు. అంటే 33 లీటర్ల గాలి. రంధ్రం లేని మూత పెట్టె. అందులో గాలే స్ప్రింగు. పొర లోపలికి పోతే గాలి వెనక్కి తోస్తుంది, బయటికి వస్తే లాగుతుంది. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ ఈ గాలి స్ప్రింగు ఆలోచనతోనే చిన్న పెట్టెలో లోతైన స్వరం రప్పించాడు. గొట్టం పెట్టిన పెట్టె ఇంకా గట్టిగా మోగుతుంది గానీ, దాని స్వరస్థానం కంటే కిందికి దిగితే పొరను పట్టుకునే గాలి ఉండదు. మూత పెట్టె కింది స్వరాల్లో ఒక్కో స్థాయికి 12 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. అద్దాలు మూసిన కారు లోపలి గది అదే కింది స్వరాలను ఇంచుమించు అదే లెక్కన పెంచుతుంది. ఒకటి తగ్గించింది ఇంకొకటి పూడుస్తుంది. కారులో మూత పెట్టె అంత నిండుగా వినిపించడానికి కారణం ఇదే, ఇంట్లో పెడితే అదే పెట్టె పేలవంగా ఉంటుంది.

వడ్లాయన అతుకులన్నీ జిగురుతో నింపి, మూలల్లో లోపలి నుంచి ఇంకో పూత వేశాడు. పెట్టె బాగుందో లేదో చూసే పద్ధతి నాకు చాలా నచ్చింది. ఊఫరు పొరను రెండు అరచేతులతో మెల్లగా లోపలికి నొక్కి వదలాలి. అది తీరిగ్గా వెనక్కి వస్తే పెట్టె గాలి పట్టింది. టక్కున లేస్తే ఎక్కడో సందు ఉంది. ఇది తీరిగ్గానే వచ్చింది. పనివాడు పెట్టెను డిక్కీ నేలకు బెల్టుతో కట్టి, తీగకు ఒక కప్లర్ పెట్టాడు. ఎరువు బస్తా వేసుకోవాలంటే బెల్టు విప్పి, కప్లర్ ఊడదీసి పెట్టెను ఇంట్లో పెట్టొచ్చు. కట్టని ఊఫర్ పెట్టె గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనక సీటు మీదికి వస్తుంది, ఆ సీటులో పిల్లలుంటారు. యాంప్‌ను పెట్టె మీద బిగించకుండా పక్క గోడకు విడిగా పెట్టాడు. అదురు తగలదు, వెనక గాలి ఆడుతుంది.

చివరికి గెయిన్. ఈ మర చుట్టూ ఉన్నంత అపోహ మరి దేని చుట్టూ లేదు. దీన్ని అందరూ సౌండ్ పెంచే మర అనుకుంటారు. ఇది చెరువు తూము లాంటిది. కాలువ ఎంత నీరు మోయగలదో అంతే తెరవాలి. ఎక్కువ తెరిస్తే గట్టు తెగుతుంది. యాంప్ తన శక్తికి మించి సాగితే పాట అలల తలలు తెగి చదునవుతాయి. అలా తెగిన అల ఊఫరు తీగచుట్టకు రెట్టింపు దాకా వేడి పంపగలదు. ఊఫర్లు కాలిపోయేది చాలాసార్లు ఇందువల్లే. ఇతను ఊఫరు తీగ ఊడదీసి, స్టీరియోలో 50 హెర్ట్జ్ స్వరం పెట్టి, సౌండ్ ముప్పాతిక దాకా పెంచాడు. యాంప్ కొసలకు మీటరు పెట్టి గెయిన్ మెల్లగా తిప్పుతూ 33 వోల్టుల దగ్గర ఆపాడు. నాలుగు ఓమ్‌ల మీద అది 270 వాట్లు. మిగతా ముప్పై ఎందుకు వదిలావని అడిగితే, "అది పాటకు ఊపిరి" అన్నాడు.

తర్వాత ఫిల్టరును 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, డ్రైవరు సీట్లో కూర్చుని ఫేజ్ మరను అటూ ఇటూ మార్చి విన్నాడు. ఒకవైపు పాట డిక్కీలోంచి వస్తోంది. మరోవైపు మార్చగానే బేసు ముందుకొచ్చి, గాయకుడి గొంతు కింద కూర్చుంది. అంత కిందిస్వరం ఎటునుంచి వస్తోందో మన చెవి పోల్చుకోలేదు. ఊఫరు వెనక ఉన్నా ముందున్నట్టే అనిపించడం అందువల్లే సాధ్యం. నంబరు ప్లేటు అదురుతుంటే దాని వెనక నాలుగు ఫెల్టు చుక్కలు అతికించాడు. యజమాని సీట్లో కూర్చుని తనకిష్టమైన పాట పెట్టుకున్నాడు, ఇంకాస్త పెంచమని అడగలేదు.

మీరు ఇలాంటి పని చేయించాలనుకుంటే, యాంప్ అట్టపెట్టె మీద అచ్చువేసిన 2000 వాట్లను నమ్మకండి. యాంప్ మీదున్న ఫ్యూజును చూడండి. 30 ఆంపియర్ల ఫ్యూజున్న యాంప్ నిలకడగా ఇవ్వగలిగేది 330 వాట్లకు మించదు. ఆ తర్వాత, పనివాడు ముందు చేసిన బండి ఒకటి చూపించమని అడగండి. బ్యాటరీ పక్కన ఫ్యూజు, డిక్కీలో ఎర్త్ బోల్టు కింద గీకిన ఇనుము కనబడితే తాళాలు ఇచ్చేయండి.