తటస్థ ప్రకృతి, అదృశ్య మానవుడు: దక్షిణ తెలంగాణ కొండకోనల ఛాయాచిత్రణపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

నల్లగొండ గుట్టల నుంచి నల్లమల లొద్దుల దాకా కాలినడకన తిరిగి ప్రకృతి దృశ్యాలను కెమెరాలో బంధించే అభిరుచి నేడు దక్షిణ తెలంగాణలో విరివిగా కనిపిస్తుంది. ఈ చిత్రాలు సాధారణంగా మనిషి జాడ లేని ప్రకృతినే చూపుతాయి. ఆ నిర్జనత్వం ఆ స్థలంలో ఉన్నదా, ఫ్రేము కల్పించినదా అనే ప్రశ్నను రసార్ణవసుధాకరంలోని ‘తటస్థ’ ఉద్దీపన విభావం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ప్రకృతి ఛాయాచిత్రణ, ఉద్దీపన విభావం, తటస్థం, రాచకొండ, నల్లమల, చెంచులు, స్థలనామాలు.

1. ఉపోద్ఘాతం

నకిరేకల్‌కు పొరుగున, నార్కట్‌పల్లి మండలంలో చెరువుగట్టు గుట్ట ఉంది. అది జడల రామలింగేశ్వరుని క్షేత్రం. పైన ‘మూడు గుండ్లు’ అని పిలిచే పెద్ద బండల నడుమ ఇరుకు సందుల్లో భక్తులు ఒళ్లు కుదించుకుని దూరిపోతారు. జాతర రోజుల్లో గుట్టంతా మనుషులే. అదే గుట్టను జనం లేని తెల్లవారుజామున వైడ్ యాంగిల్ లెన్సుతో తీస్తే రాతి ఏకాంతం, దాని మీద వాలిన తొలి వెలుగు మాత్రమే మిగులుతాయి. రెండు దృశ్యాలూ నిజమే. అయితే మొదటిది ‘జాతర ఫోటో’ అనీ, రెండవది ‘ప్రకృతి చిత్రం’ అనీ మనం అలవాటుగా విభజిస్తాం. మనిషి తొలగితే తప్ప ప్రకృతి ప్రకృతి కాదన్న ఈ భావన ఎక్కడిది? దాని పర్యవసానం ఏమిటి?

2. రాచకొండ ఇచ్చిన పరిభాష

ఈ ప్రశ్నకు పనికివచ్చే పరిభాష ఈ ప్రాంతంలోనే ఉంది. ఛాయాచిత్రకారులు ఇష్టపడే నడకదారుల్లో రాచకొండ గుట్టలు ఒకటి. 14వ శతాబ్దిలో అక్కడి నుంచి పాలించిన రేచర్ల పద్మనాయకుల్లో సర్వజ్ఞ సింగభూపాలుడు సంస్కృతంలో రసార్ణవసుధాకరం రచించాడు. రంజకోల్లాస, రసికోల్లాస, భావకోల్లాసాలుగా సాగే ఈ గ్రంథం ఉద్దీపన విభావాలను నాలుగు విధాలుగా విభజించింది. ఆలంబనానికి చెందిన గుణాలు, చేష్టలు, అలంకారాలు మొదటి మూడు, నాలుగవది తటస్థం. వెన్నెల, మందమారుతం, కోకిల కూజితం, లతామండపం వంటివి ఈ నాలుగవ కోవకు చెందుతాయి. అంటే ప్రకృతి ఒడ్డున నిలబడి నాయికానాయకుల భావాన్ని ప్రేరేపిస్తుంది. తాను పాత్ర కాదు.

ప్రబంధకవుల అష్టాదశ వర్ణనల్లో శైలవర్ణన, వనవిహారం చాలావరకు ఈ స్థానంలోనే ఒదిగాయి. ప్రకృతి ఛాయాచిత్రణ ఈ క్రమాన్ని తలకిందులు చేసింది. తటస్థంగా ఉన్న కొండను ఆలంబనం చేసింది. ఇది చిన్న సాధన కాదు. కొండ కొండగానే చూడదగినదని చూపిన దృష్టి అది. చిక్కంతా ఆ తర్వాతి మెట్టులో ఉంది. ఖాళీ అయిన తటస్థ స్థానంలోకి ఛాయాచిత్రకారుడు తానే వెళ్లి నిలిచాడు. తాను చూసేవాడినే తప్ప ఏదీ మార్చనివాడినని నమ్మాడు. ఆ నమ్మకాన్ని అతని పరికరమే ఖండిస్తుంది.

3. షట్టరు చేసే తొలగింపు

1838లో డాగేర్ పారిస్ వీధిని చిత్రించినప్పుడు ఎక్స్‌పోజర్‌కు కొన్ని నిమిషాలు పట్టింది. కదులుతున్న జనం ఫలకం మీద నమోదు కాలేదు. బూట్లు తుడిపించుకుంటూ కదలక నిలిచిన ఒక వ్యక్తి ఆకారమే స్పష్టంగా నిలిచింది. నిర్జనంగా కనిపించే వీధి నిర్జనం కాదని ఛాయాచిత్రణ తన తొలినాళ్లలోనే నేర్పిన పాఠమిది. నేడు మల్లెలతీర్థం జలపాతం దగ్గర ట్రైపాడ్ నిలిపి, కాంతిని తగ్గించే ఫిల్టరు బిగించి, షట్టరును ఎక్కువసేపు తెరచి ఉంచితే నీరు పట్టుబట్టలా జారుతుంది. అదే వ్యవధిలో చట్రంలో కదిలిపోయిన మనిషి మసకబారతాడు, వ్యవధి మరీ పెరిగితే మాయమవుతాడు. ఇది సాంకేతిక ఫలితం. కానీ ఆ వ్యవధిని ఎంచుకోవడం, జనం వెళ్లేదాకా ఆగడం, గుడిసె కనపడకుండా కోణం మార్చడం ఛాయాచిత్రకారుని నిర్ణయాలు. నిర్ణయం ఉన్నచోట తాటస్థ్యం లేదు.

ఇటువంటి నిర్ణయాల ఫలితం చిత్రంతో ఆగదని అమెరికాలోని యోసెమిటీ చరిత్ర చెబుతుంది. 1851లో సాయుధ దళం ఆ లోయలోకి ప్రవేశించి అహ్వానీచీ ప్రజలను తరిమింది. పదేళ్లకు, 1861లో, కార్లటన్ వాట్కిన్స్ అక్కడ తీసిన పెద్ద చిత్రాల్లో నిశ్శబ్ద శిలలు, నీళ్లు కనిపించాయి. 1864లో లోయకు చట్టరక్షణ లభించడానికి ఆ చిత్రాలూ దోహదపడ్డాయి. అడవి నిలిచింది, అందులో బతికినవారు మాత్రం ఆ చిత్రానికి వెలుపలే ఉండిపోయారు.

4. 1940 నాటి నల్లమల

దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు చేరితే అమ్రాబాద్ పీఠభూమి మొదలవుతుంది. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940లో ఇక్కడ చెంచుల మధ్య క్షేత్రపరిశోధన చేసి, 1943లో వారిపై గ్రంథం ప్రచురించాడు. ఆయన కెమెరాకు ప్రకృతి దృశ్యం లక్ష్యం కాదు. మానవశాస్త్ర ఆధారం లక్ష్యం. అందువల్లనే అక్కడ అడవి మనిషి బతుకుకు చుట్టుకొని కనిపిస్తుంది. కొండ అంటే తేనెపట్టు ఉన్న చోటు, నేల అంటే తవ్వుకోలకు దుంప దొరికే చోటు.

అయితే ఆ చిత్రాలూ నిర్దోషం కావు. నిజాం రాజ్యంలో, పరిపాలనకు ఉపయోగపడే విజ్ఞానంగా సాగిన పరిశోధనలో మనిషి ‘ఆదిమజాతి’కి నమూనాగా మారే ప్రమాదం ఉంది. కనుక నేటి ప్రకృతి చిత్రం మనిషిని తొలగిస్తే, నాటి మానవశాస్త్ర చిత్రం అతణ్ని ప్రదర్శనకు పెట్టింది. రెండింటిలోనూ ఆ స్థలం గురించి పలికే హక్కు కెమెరా పట్టినవారిదే.

5. శూన్యపటం, యురేనియం

ఈ చర్చ కేవలం సౌందర్యశాస్త్రానిది కాదని 2019 రుజువు చేసింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు ఆ ఏడాది కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా సమ్మతించింది. ప్రజల్లో తీవ్ర వ్యతిరేకత వ్యక్తమైంది. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలను వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. ఇలాంటి సందర్భంలో పచ్చని అడవి చిత్రానికి గొప్ప శక్తి ఉంటుంది. కానీ అది పోయేదేమిటో చెప్పగలదు. ఎవరిది పోతుందో చెప్పలేదు.

నిర్జనంగా చూపిన అడవి రెండు వాదాలకు సమానంగా ఒదుగుతుంది. ఎవరూ లేరు కనుక తవ్వవచ్చునని ఒకరు అనవచ్చు. ఎవరూ ఉండకూడదు కనుక పెంటలను బయటికి తరలించాలని మరొకరు అనవచ్చు. రెండు వాదాల్లోనూ చెంచుకు చోటు లేదు.

6. ఆక్షేపణ, సమాధానం

ప్రతి చిత్రంలోనూ మనిషిని నిలబెట్టాలా అన్నది సహజమైన ఆక్షేపణ. అక్కరలేదు. విల్లు పట్టిన చెంచును లోయ అంచున అలంకారంగా నిలపడం మరింత దోషం; అది అతణ్ని మళ్లీ తటస్థ విభావం చేయడమే. పైగా ఏకాంతం కూడా నిజమైన అనుభవమే. మైళ్ల కొద్దీ నడిచి ఫరహాబాద్ అంచున నిలిచినవారికి కలిగే నిశ్శబ్దాన్ని కాదనడం విమర్శ పని కాదు.

పరిష్కారం ఫ్రేము కన్నా ముందు శీర్షికలో ఉంది. ‘మనిషి అడుగుపెట్టని అడవి’ అనే వ్యాఖ్యను స్థలనామమే అబద్ధం చేస్తుంది. అప్పాపూర్ పెంట అన్నప్పుడు ‘పెంట’ చెంచుల నివాసం. లొద్ది మల్లయ్య అన్నప్పుడు ‘లొద్ది’ లోతైన కోన, అందులో కొలువైనవాడు మల్లయ్య. సలేశ్వరం అనగానే చైత్రపౌర్ణమి జాతరకు రాళ్ల దారిలో దిగే జనం గుర్తుకొస్తారు. గుట్ట, బోడు, గుండు అనే మాటల్లో ఎంతో కాలపు నడక ఉంది. పేరు ఉన్నచోటికి ఎవరో ముందే వచ్చి ఉన్నారని అర్థం. చిత్రం కింద ఆ పేరు, ఆ దారి చూపినవారి ప్రస్తావన (వారి సమ్మతితో), తీసిన రుతువు నమోదైతే మనిషి కనిపించని ఫ్రేములో కూడా మనిషి ఉంటాడు.

7. ముగింపు

తటస్థంగా ఉన్న ప్రకృతిని ఆలంబన స్థానానికి చేర్చడం ఛాయాచిత్రణ సాధించిన విలువైన మార్పు. ఆ క్రమంలో అక్కడ బతికేవారిని ఫ్రేము బయటికి నెట్టి, తనను తాను తటస్థుడిగా ప్రకటించుకోవడం దాని లోపం. కనుక దక్షిణ తెలంగాణ ప్రకృతి చిత్రాలను పరిశీలించే విమర్శకులు కాంతి, కూర్పులతో పాటు శీర్షికనూ పాఠ్యంలో భాగంగా చదవాలి. జానపద విజ్ఞాన, భాషాశాస్త్ర పరిశోధకులు గుట్టల, లొద్దుల, పెంటల పేర్లను చిత్రసహితంగా సేకరిస్తే ఆ పఠనానికి ఆధారం ఏర్పడుతుంది. చెరువుగట్టు మీద తెల్లవారుజామున తీసిన నిర్జన చిత్రం కింద ‘మూడు గుండ్లు’ అన్న రెండు మాటలు చేరితే, ఆ బండల నడుమ దూరిపోయినవారందరూ ఆ చిత్రంలోకి తిరిగి వస్తారు.